చెవికోత గుర్తు

సున్నువ మోచేతి ముక్క నా బల్ల మీదికొచ్చింది.
పెసరగింజ కంటే చిన్నది,
మైనపు దిమ్మెలో కూరుకుని, అంచున ఒక నంబరు.
బయట తోర్ష్‌హావ్న్ రేవులో వాన
పక్కవాటుగా పడుతోంది. ఇక్కడ వాన
పైనుంచి పడటం అరుదు.
ముందు చర్మం పరిచయమవుతుంది నాకు,
మనిషి ఎప్పుడో గాని కాదు.

క్లాక్స్‌విక్ చేపల కార్ఖానాలో
ఇరవై రెండేళ్ళు కత్తి పట్టిన చెయ్యి.
పగలంతా సాల్మన్ పొలుసులు గీకి
రాత్రి తన పొలుసులు తాను దులుపుకునేది.
"చేపలు పగ తీర్చుకుంటున్నాయి" అనేదట, నవ్వుతూనే.
సోరియాసిస్ అన్న మాట మాత్రం నోట రానిచ్చేది కాదు.
జులై పండక్కి ఊరంతా చేతులు పట్టుకుని
గుండ్రంగా అడుగులేస్తుంటే
కాఫీ కెటిల్ దగ్గర పని కల్పించుకునేది.

తర్వాత చక్కెర జబ్బు.
వారానికోసారి పొట్టలో పొడుచుకునే సూది:
తిన్నాక పేగు పంపే ఒక హార్మోనుకి నకలు,
"చాలు" అని చెప్పేది.

మూడు వారాలు.
బెల్టు ఇంకా పాత రంధ్రంలోనే ఉంది,
మోచేతులు మాత్రం చల్లబడ్డాయి.
పొద్దున్నే హొగ్ని దుప్పటి దులిపితే
ఏమీ రాలలేదు.
మళ్ళీ దులిపాడట.

డాక్టర్ బెయ్నిర్ నమ్మలేదు. అందుకే ఈ ముక్క.
ఆరేళ్ళనాటి పాతది బీరువాలో ఉంది,
రెండూ పక్కపక్కన పెట్టమన్నాడు.

కడుపు మండితే ఒళ్ళు మండుతుందని
మాటకి ఎప్పుడో తెలుసు.
మైక్రోస్కోపుకే ఆలస్యం.
పిండం మూడో వారంలో వేరుపడ్డ తోబుట్టువులవి:
పేగు లోపలి పొర తీసుకుంది,
చర్మం బయటి పొరతో గాలిలోకి వెళ్ళింది.
వేరుకాపురాలే.
కబురు మాత్రం ఆగలేదేమో.

ఈ దీవుల్లో గొర్రెకి పేరుండదు,
చెవి అంచున ఒక కోత ఉంటుంది.
పొగమంచు దిగిన కొండవాలులో
కాపరి దాన్ని కళ్ళతో చదవడు, బొటనవేలితో చదువుతాడు.
తడిమి, మనదే, అని ఇంట్లోకి కేకేస్తాడు.
రిసెప్టర్ చేసేదీ అంతే.
నెత్తుట్లో మందలుగా పోయే అణువుల్లో
ఒకదాని చెవి తడుముతుంది.
అణువు గడప దాటదు.
కేక దాటుతుంది.

రంగు వేసి చూశాను.
పాత ముక్కనిండా గోధుమ చుక్కలు,
కొత్తదాంట్లో మూడు. నాలుగోది మరక కావచ్చు.
అయినా ఆ చుక్కలు ఎవరివి?
చర్మం సొంత కణాలవా,
చర్మం మీద తగువుకొచ్చి కూచున్న తెల్లకణాలవా?
నా కంటికి రెండోదే అనిపించింది. ఒట్టు వెయ్యను.
ఆకలిని పిలిచే హార్మోను గాయం మాన్పడానికి చెయ్యేస్తుందని,
పిత్తాశయాన్ని పిండేది దురదతో ఏదో బేరమాడుతుందని
విన్నాను. అవి ఎక్కువగా ఎలుకల కబుర్లు.
ఒక్క మోచెయ్యి సాక్ష్యం చాలదని
రిపోర్టులో రాశాను, రెండుసార్లు.

ఒకరోజు తనే వచ్చింది, వాన కోటుతో,
తన ముక్క తను చూసుకుంటానని.
కన్ను ఆనించి చాలాసేపు పలకలేదు.
"చేప జనలా ఉంది" అంది.
"ఇందులో నా కడుపెక్కడ?"
నా దగ్గర జవాబు లేదు.
రిపోర్టు కాపీ ఇచ్చాను,
మడిచి గ్లౌజులో పెట్టుకుంది.

డిసెంబరులో వాంతులు. డోసు సగం చేశారు.
ఎడమ మోచేతి మీద కొంచెం తిరిగొచ్చింది,
రూపాయి బిళ్ళంత.

జులైలో, వలయంలో,
నాకూ హొగ్నికీ మధ్య వచ్చి నిలబడింది.
చెయ్యి ఇచ్చింది. గరుకుంది, తడుంది, ఉప్పు వాసన.
పాట అరవయ్యో చరణంలో ఉంది,
నా బొటనవేలు ఊరుకోలేదు,
ఆ చెయ్యి అంచుని తడుముతూనే ఉంది.

తర్వాత గాలికెండిన మాంసం పళ్ళెం తిరిగింది.
రెండో ముక్క దగ్గరే
"చాలు" అంది.
కడుపు అందో, చెయ్యి అందో
అడగలేదు నేను.